నేలమాళిగ చెక్కమెట్లు: తక్కువ ఖర్చుతో కొత్త పూత

నేలమాళిగలోకి దిగే మెట్లు చాలావరకు పైన్, ఫర్ లాంటి మెత్తటి కలపతో చేసినవే. ఏళ్ళ తరబడి చెప్పుల మట్టి పట్టి, మూడు నాలుగు పొరల పాత రంగు అక్కడక్కడ లేచి, మేకుల తలలు పైకి వచ్చి, అడుగు వేస్తే కిర్రుమనే స్థితికి వచ్చాక, వాటిని పీకి కొత్తవి కట్టించడమే దారి అనిపిస్తుంది. చెక్క గట్టిగా ఉన్నంతవరకు ఆ అవసరం లేదు. ఉప్పు కాగితం, స్క్రూలు, ఒక డబ్బా ప్రైమర్, ఒకటి రెండు డబ్బాల పూతతో పని అయిపోతుంది. చవక సామాను కొంటే డబ్బు మిగులుతుందనుకోవద్దు. ఎక్కడ ఎంత పని చెయ్యాలో ముందే తేల్చుకుంటే మిగులుతుంది. కాలు పడే చోట ఖరీదైన పూత, పూర్తి శ్రమ. కాలు పడని చోట మామూలు రంగు. ఇక్కడ చెప్పేదంతా ఆ లెక్క ప్రకారమే.

పేర్లు ముందే అనుకుందాం. కాలు మోపేది అడుగు పలక. రెండు అడుగు పలకల మధ్య నిలబడి ఉండేది నిలువు పలక. చాలా నేలమాళిగ మెట్లకు ఇది ఉండదు, వెనక ఖాళీగానే వదిలేస్తారు. రెండు పక్కలా ఏటవాలుగా బరువు మోసేవి పక్క దూలాలు. అడుగు పలక ముందుకు పొడుచుకు వచ్చిన భాగం ముందంచు. అన్నిటికన్నా ఎక్కువ అరిగేది, కాలు జారేది అక్కడే.

ముందు మెట్ల కిందికి వెళ్ళండి

నేలమాళిగ మెట్లకున్న పెద్ద సౌకర్యం, వెనక భాగం సాధారణంగా తెరిచే ఉంటుంది. హాల్లో మెట్లకైతే వెనక గోడో సీలింగో అడ్డం. ఇక్కడ టార్చి లైటు పట్టుకుని కిందికి వెళ్తే మెట్ల గుట్టంతా కనిపిస్తుంది. పైన రంగు గోకడం మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష పూర్తి కావాలి. కీళ్ళు ఊగే మెట్ల మీద ఎంత మంచి పూత వేసినా కొన్ని నెలల్లో కీలు దగ్గర సన్నని గీతలా పగిలి, అక్కడి నుంచి లేస్తుంది.

పాత స్క్రూడ్రైవరు మొనతో పక్క దూలాల కింది కొసను, నేలకు తగిలే చోట, గట్టిగా పొడవండి. మంచి చెక్క అయితే మొన రెండు మిల్లీమీటర్లు కూడా దిగదు. సులువుగా దిగిపోయినా, చెక్క ముక్కలు ముక్కలుగా రాలినా అది పుచ్చింది. కాంక్రీటు నేలలోని తేమను దూలం కొస నేరుగా పైకి పీల్చుకుంటుంది, అందుకే పుచ్చు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. దూలాలను మెట్ల ఆకారంలో కోసిన చోట, ఆ మూలల నుంచి నార వెంట పగుళ్ళు బయలుదేరాయేమో చూడండి. పై కొస ఇంటి చట్రానికి ఎలా పట్టి ఉందో చూడండి. నాలుగు మేకుల మీదే వేలాడుతూ సందు కనిపిస్తే పూత సంగతి పక్కన పెట్టాలి. పుచ్చిన దూలం, అడ్డంగా చీలిన దూలం, పైనుంచి విడిపోతున్న మెట్లు, ఈ మూడూ వడ్రంగికి అప్పగించాల్సినవి. వీటి మీద లప్పం పెట్టి రంగు వేస్తే ప్రమాదం కనబడకుండా దాగుతుంది, అంతకు మించి ఒరిగేది లేదు.

సన్నని గుండ్రటి రంధ్రాలు, వాటి కింద మెత్తటి పొడి కనిపిస్తే పురుగు ఉన్నట్టు. పొడి కొత్తగా, లేత రంగులో ఉంటే పురుగు ఇంకా బతికే ఉంది. ముందు దానికి మందు పట్టించాలి.

తేమకు ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. మెట్ల అడుగున నేల మీద 45 సెం.మీ. చదరపు ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు అంచులూ టేపుతో మూసి ఒక పూర్తి రోజు వదలండి. తీసి చూస్తే లోపలి వైపు నీటి చుక్కలున్నా, కాంక్రీటు నల్లబడినా తేమ కింద నుంచి వస్తోందని అర్థం. అలాంటప్పుడు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసి ఆపాలి, గదిలో గాలి తేమను లాగేసే డీహ్యూమిడిఫయర్ నడపాలి. చెక్కలో తేమ 15 శాతం కన్నా తక్కువ ఉన్నప్పుడే పూత వెయ్యండి. సూదులు గుచ్చి చూసే చిన్న తేమ మీటరు పెద్ద ఖరీదు ఉండదు. ఒక్కసారికే అయితే ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్నా చాలు.

పాత రంగులో సీసం, పాత జిగురులో ఆస్బెస్టాస్

ఇది దాటేసే విషయం కాదు. అమెరికాలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. భారతదేశంలో 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) పరిమితి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఇల్లు అంతకన్నా పాతదైతే అడుగు పొరల్లో సీసం ఉండొచ్చనే అనుకోవాలి. రుద్దితే వచ్చే ధూళిలో సీసం కంటికి కనబడదు. అది నేలమాళిగ నుంచి ఇల్లంతా పాకుతుంది, పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఒక పెచ్చును అన్ని పొరలతో సహా తీసి ల్యాబుకు పంపితే తేలిపోతుంది. సీసం ఉందని తెలిస్తే సాండర్ మిషను (ఉప్పు కాగితంతో రుద్దే యంత్రం), వేడిగాలి గన్ను రెండూ ముట్టుకోవద్దు. ఊడిన పెచ్చులను నీళ్ళు చల్లి తడిగా గోకి, మిగిలిన గట్టి రంగును కదపకుండా దాని మీదే ప్రైమర్ వేసి కప్పేయడం తక్కువ ఖర్చు, తక్కువ ప్రమాదం. గర్భిణులు, చిన్నపిల్లలు ఆ రోజుల్లో ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

మెట్ల మీద పాత వినైల్ ముక్కలు నల్లటి జిగురుతో అతికించి ఉంటే ఆ జిగురులో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజ పీచు) ఉండే అవకాశం ఉంది. పరీక్ష చేయించకుండా దాన్ని గోకవద్దు, రుద్దవద్దు.

ఎంతవరకు వెళ్ళాలి

బడ్జెట్‌ను తేల్చేది ఈ ఒక్క నిర్ణయమే. మూడు దారులున్నాయి.

పాత పూత ఎక్కడా లేవకుండా, కేవలం మసకబారి గీతలు పడి ఉంటే దాన్ని తీసెయ్యక్కర్లేదు. శుభ్రంగా కడిగి, 150 నంబరు ఉప్పు కాగితంతో (నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు) మెరుపు పోయేదాకా రుద్ది, అదే రకం పూత రెండు కోట్లు, అంటే రెండు పొరలు వేస్తే చాలు. దీన్ని మించిన చవక పని లేదు. పాత పూత పట్టుగా ఉందో లేదో తెలియాలంటే బ్లేడుతో అడ్డం నిలువు గీతలు గీసి, మీద గట్టి టేపు అంటించి ఒక్కసారిగా లాగండి. గళ్ళు టేపుతో పాటు ఊడొస్తే ఈ దారి మూసుకుపోయినట్టే.

అక్కడక్కడ లేచిన రంగు, లప్పం మచ్చలు, రకరకాల పలకలు కలిసి ఉంటే మొత్తం మెట్లకు నేల కోసం చేసిన రంగు వెయ్యడం మేలు. రంగు లోపాలను కప్పుతుంది, కాబట్టి చెక్క బయటపడేదాకా పాత రంగు తియ్యాల్సిన పని లేదు.

చెక్క నార కనిపించాలని ఉంటే అడుగు పలకల వరకే ఆ కోరిక ఉంచుకోండి. అడుగు పలకలను మాత్రం చెక్క కనిపించేదాకా రుద్ది పారదర్శక పూత వేసి, నిలువు పలకలకూ పక్క దూలాలకూ తెల్లటిదో మరొక లేత రంగో వేస్తే శ్రమలో సగం తగ్గుతుంది. చూడటానికీ ఇదే బాగుంటుంది. మూలల్లో, నిలువు పలకల మీద పాత రంగును పూర్తిగా తియ్యడం చాలా విసుగు పని, దాని వల్ల లాభమూ లేదు.

ఇక పాత మెట్ల మీద కొత్త పలకలు అతికించే ఆలోచన గురించి ఒక మాట. అన్ని మెట్లకూ 20 మి.మీ. పలక కలిపితే మొదటి మెట్టు ఎత్తు 20 మి.మీ. పెరుగుతుంది, ఆఖరి మెట్టు ఎత్తు 20 మి.మీ. తగ్గుతుంది. అమెరికా నివాస భవనాల నియమావళి ప్రకారం ఒకే మెట్లదారిలో ఎత్తుల తేడా 9.5 మి.మీ. దాటకూడదు. కాలు ఒక లయకు అలవాటు పడుతుంది, ఆ లయ తప్పిన చోటే మనిషి పడతాడు. పూత పనిలో ఈ చిక్కు లేదు.

కిర్రు శబ్దం

పలకకూ దూలానికీ మధ్య, లేదా పలకకూ నిలువు పలకకూ మధ్య సందు ఏర్పడి, అడుగు వేసినప్పుడల్లా చెక్కో మేకో రాసుకోవడం వల్ల శబ్దం వస్తుంది. మేకును మళ్ళీ సుత్తితో కొడితే పది రోజులు ఆగుతుంది, తర్వాత మళ్ళీ మొదలు. మేకు రంధ్రం అప్పటికే వదులైంది కనక అది చెక్కను పట్టదు. పట్టేది స్క్రూ ఒక్కటే.

ఒకరు పైన మెల్లగా నడుస్తుంటే ఇంకొకరు కింద కూచుని ఏ కీలు కదులుతుందో చూసి సుద్దతో గుర్తు పెట్టాలి. నిలువు పలక ఉంటే, దాని వెనక నుంచి అడుగు పలక వెనకంచులోకి 4 × 40 మి.మీ. స్క్రూలు మూడు నాలుగు, 20 సెం.మీ.కి ఒకటి చొప్పున బిగించండి. ముందుగా 2.5 మి.మీ. రంధ్రం వెయ్యకపోతే అంచు చీలుతుంది. ముందంచు దగ్గర, అడుగు పలక కింది ముఖం నిలువు పలకను కలిసే మూలలో, 4 సెం.మీ. మందపు చెక్క దిమ్మను జిగురు రాసి రెండు వైపులా స్క్రూలతో పట్టించండి. స్క్రూ పొడవును ఒకటికి రెండుసార్లు కొలుచుకోండి. దిమ్మ మందం, పలక మందం కలిపిన దానికన్నా కనీసం 6 మి.మీ. తక్కువ ఉండాలి, లేకపోతే మొన పైకి పొడుచుకొచ్చి కాలికి గుచ్చుకుంటుంది.

దూలంలో గాడి తీసి, పలకను అందులో దూర్చి, కింద చెక్క చీలలతో బిగించిన మెట్లు కొన్ని ఉంటాయి. వాటిలో వదులైన చీలను తీసి, పాత జిగురు గోకి, కొత్త జిగురు రాసి మళ్ళీ కొట్టాలి. చీలలు లేని చోట సందులో సన్నటి చీలను జిగురుతో నెమ్మదిగా దోపండి. బలంగా కొడితే సందు ఇంకా పెద్దదవుతుంది. సందులో టాల్కం పౌడరు చల్లితే శబ్దం కొన్నాళ్ళు ఆగుతుంది గానీ, పూత వేసే ముందు ఆ పని చెయ్యొద్దు. పొడి ఉన్న చోట పూత అంటదు.

కింద దారి మూసి ఉంటే పై నుంచే బిగించాలి. 38 మి.మీ. మందపు పలకకు 5 × 75 మి.మీ. స్క్రూలు, ప్రతి దూలం మీద రెండు. తల 5 మి.మీ. లోపలికి దిగేలా ముందే గుంత తీసి, తర్వాత చెక్క బిళ్ళతోనో లప్పంతోనో మూయాలి.

అరిగిన పలకను తిరగేయవచ్చు

వెనక తెరిచి ఉన్న, మందపాటి పలకలతో చేసిన మెట్లలో ఇది అన్నిటికన్నా లాభసాటి పని. పై ముఖం గుంటలు పడి అరిగినా కింది ముఖం కొత్తదానిలా ఉంటుంది. కింద నుంచి సందులో హాక్సా బ్లేడు దూర్చి మేకులు కోసి, లేదా చెక్క ముక్క ఆనించి కింద నుంచి తట్టి పలకను లేపండి. ఒకసారికి ఒక్క పలకే తీయాలి. దాన్ని బిగించాకే రెండోది. పలక వెనక నంబరు వేసుకోవడం మర్చిపోవద్దు; పాత ఇళ్ళలో రెండు పలకలు ఒకే పొడవు ఉండవు.

తిప్పేటప్పుడు పలకను దాని పొడవాటి అంచు మీదుగా దొర్లించండి. అప్పుడు అరిగిన ముందంచు వెనక అడుగుకు పోయి, ఎవరూ తొక్కని వెనకంచు ముందుకు వస్తుంది. ఆ కొత్త అంచు పదునుగా ఉంటుంది కాబట్టి చిత్రిక పట్టి, 80 నంబరు కాగితంతో 5 నుంచి 6 మి.మీ. గుండ్రం చెయ్యాలి. పదునైన అంచు మీద పూత నిలవదు, అక్కడ పొర పలచబడి మొదట అక్కడే చెక్క బయటపడుతుంది. తిరిగి బిగించేటప్పుడు మేకులు వద్దు, స్క్రూలే. పాత మేకు రంధ్రాలకు 2 సెం.మీ. దూరంగా కొత్త రంధ్రాలు వెయ్యండి. దూలంలో గాడి తీసి బిగించిన పలకలకు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు.

కడగడం, గోకడం, రుద్దడం

కడగడం రుద్దడానికి ముందే జరగాలి. జిడ్డు, మైనం ఉన్న పలకను నేరుగా రుద్దితే వేడికి ఆ జిడ్డు నారలోకి ఇంకుతుంది. తర్వాత వేసిన పూత నీటి చుక్కల్లా విడిపోతుంది, లేదా కళ్ళ లాంటి గుండ్రటి గుంటలు పడతాయి. గోరువెచ్చటి నీళ్ళలో జిడ్డు వదిలించే సబ్బు కలిపి, పిండిన గుడ్డతో తుడిచి, మంచినీటి గుడ్డతో రెండుసార్లు తుడవండి. బకెట్టుతో నీళ్ళు పోయొద్దు. ఒక రోజు ఆరనివ్వండి. చేతిపట్టీకి (మెట్ల పక్కన పట్టుకునే కమ్మీకి) ఈ పని ఇంకా శ్రద్ధగా చెయ్యాలి, అరచేతుల జిడ్డు దానికి ఏళ్ళుగా పట్టి ఉంటుంది.

తివాచీ తీసిన మెట్లయితే వందల పిన్నులు మిగిలి ఉంటాయి. ఒక్కటి ఉండిపోయినా సాండర్ డిస్కును చీల్చేస్తుంది. అరచెయ్యి ఆనించి వెతకొద్దు. లప్పం బద్దను పలక మీద అడ్డంగా ఈడ్చండి, పిన్ను తగిలితే టక్కున ఆగుతుంది. వచ్చిన వాటిని పటకారుతో పీకి, రానివాటిని సన్నటి పంచితో 2 మి.మీ. లోపలికి దింపండి.

మందపు రంగును ఉప్పు కాగితంతో తియ్యాలని చూడటం డబ్బు వృథా. రంగు వేడెక్కి కరిగి డిస్కును నిమిషంలో మూసేస్తుంది. ముందు కార్బైడ్ బ్లేడు స్క్రేపరుతో నార వెంట మీ వైపుకు లాగుతూ గోకండి. సీసం లేని చోట వేడిగాలి గన్నుతో మెత్తబరిచి గోకితే ఇంకా సులువు. చెక్క కాలి నల్లబడకుండా గన్నును కదుపుతూనే ఉండాలి.

తర్వాత 125 మి.మీ. డిస్కు సాండరుతో 60, 80, 120 నంబర్ల వరుస. పలక అంతటా పెన్సిలుతో తేలికగా గళ్ళు గీసి, ఆ గీతలన్నీ పోయేదాకా రుద్దడం, మళ్ళీ గీసి తర్వాతి నంబరు. 60 నుంచి నేరుగా 120కి దూకితే గుండ్రటి గీతలు మిగులుతాయి. అప్పుడు కనబడవు, స్టెయిన్ (చెక్కలోకి ఇంకే పలచటి రంగు) పడగానే నల్లటి సుడుల్లా తేలతాయి. మిషనును నొక్కకూడదు, దాని బరువే చాలు. సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల కన్నా వేగంగా జరపకూడదు. 120 దాటి నునుపు చెయ్యొద్దు. నున్నటి చెక్క స్టెయిన్‌ను తాగదు, పూతను పట్టదు. మిషను చేరని మూలల్ని స్క్రేపరుతో, చెక్క ముక్కకు చుట్టిన కాగితంతో చేత్తో చెయ్యండి. రంగు వెయ్యబోతున్నారంటే 80 దగ్గర ఆగినా సరిపోతుంది.

ధూళికి కనీసం ఎన్95 మాస్కు ఉండాలి. ఒక్కో మెట్టు అయ్యాక వాక్యూమ్ చేసి, పై మెట్టు నుంచి కిందికి రండి. నీటి ఆధారిత పూత వెయ్యబోయే చెక్క మీద ఉక్కు పీచు వాడొద్దు. అందులోంచి విరిగిన సన్న తునకలు నారలో ఇరుక్కుని తుప్పు మచ్చలవుతాయి.

లప్పం విషయంలో తప్పు ఎక్కువగా ముందంచు దగ్గరే జరుగుతుంది. మామూలు చెక్క లప్పం మేకు రంధ్రాలకు బాగుంటుంది, కానీ విరిగిన అంచుకు పెడితే కాలి దెబ్బకు రాలిపోతుంది. అక్కడ రెండు భాగాలు కలిపే ఎపాక్సీ లప్పమే పెట్టాలి. అంచు చీలి ముక్క ఇంకా అక్కడే ఉంటే మరీ మంచిది: చీలికలోకి జిగురు ఎక్కించి, క్లాంపుతో ఒక రాత్రి బిగించి ఉంచండి. పారదర్శక పూత కింద లప్పం మచ్చలా కనిపిస్తుంది, దాన్ని మరీ ఎక్కువ వాడొద్దు.

ఏ పూత, ఎంత పూత

గోడలకు వేసే రంగు మిగిలి ఉందని మెట్ల మీద వెయ్యొద్దు. అది మెత్తగా ఉంటుంది, బరువు పడితే చెప్పులకు అంటుకుని ఊడుతుంది. నేలలకు, వరండాలకు అని రాసి ఉన్న ఎనామిల్ రంగే కావాలి. నిలువు పలకలకు, దూలాలకు మాత్రం ఇంట్లో మిగిలిన మంచి ట్రిమ్ రంగు (తలుపులు, కిటికీల చట్రాలకు వేసేది) వాడుకోవచ్చు.

పాత రంగు నూనెదా నీటిదా అన్నది తెలియాలి. స్పిరిటులో ముంచిన దూదితో గట్టిగా రుద్దితే నీటి ఆధారిత రంగు మెత్తబడి దూదికి అంటుతుంది, నూనె రంగు కదలదు. నూనె రంగు మీద నీటి ఆధారిత రంగు వెయ్యాలంటే మెరుపు పోయేలా రుద్దడమూ, మధ్యలో పాత రంగును గట్టిగా పట్టుకునే ప్రైమరూ రెండూ తప్పనిసరి. ఈ ఒక్క పొర మానేసినందుకే చాలా మెట్ల మీద రంగు తొక్కలా ఊడుతుంది. పైన్ పలకలో ముడులుంటే వాటి మీద షెల్లాక్ (లక్కతో చేసిన) ప్రైమర్ రాయండి. లేకపోతే ముడిలోని బంక లేత రంగు గుండా పసుపు మచ్చగా పైకి వస్తుంది, ఎన్ని కోట్లు వేసినా ఆగదు.

పైన్‌కు స్టెయిన్ పడితే మచ్చలు మచ్చలుగా తాగుతుంది. ముందు కండిషనర్ (స్టెయిన్ సమంగా ఇంకేలా చేసే ద్రవం) రాసి, దాని డబ్బా మీద చెప్పిన సమయంలోపే స్టెయిన్ వెయ్యండి. అసలు స్టెయినే వెయ్యకుండా నేరుగా పారదర్శక పూత వేస్తే ఒక ఖర్చూ ఒక తలనొప్పీ తగ్గుతాయి. ఏది చేసినా ముందు పలక కింది ముఖం మీద ప్రయత్నించి చూడండి.

పారదర్శక పూతకు నేలల కోసం చేసిన పాలియురిథేన్ (గట్టి పొరగా ఆరే వార్నిష్ లాంటి పూత) తీసుకోండి, శాటిన్ అనే తక్కువ మెరుపుతో. బాగా మెరిసే గ్లాసీ పూత జారుతుంది, ప్రతి గీతనూ చూపిస్తుంది. నీటి ఆధారితమైతే మూడు కోట్లు. వాసన తక్కువ, రెండు మూడు గంటల్లో మళ్ళీ వెయ్యొచ్చు. నూనె ఆధారితం రెండు మూడు కోట్లు. గట్టిది, కొంచెం పచ్చబడుతుంది, ఆరడానికి రాత్రంతా పడుతుంది. నూనె స్టెయిన్ మీద నీటి ఆధారిత పూత వెయ్యాలంటే స్టెయిన్ పూర్తిగా ఆరడానికి రెండు మూడు రోజులు ఆగండి.

నేలమాళిగకు ప్రత్యేకమైన హెచ్చరిక ఇది. గ్యాసు గీజరు, ఇంటిని వేడిచేసే ఫర్నేసు సాధారణంగా అక్కడే ఉంటాయి. నూనె పూత, థిన్నరు ఆవిర్లు గాలికన్నా బరువు, నేల మట్టానికి దిగి పైలట్ మంట (వాటిలో ఎప్పుడూ వెలిగి ఉండే చిన్న మంట) వరకు పాకుతాయి. పని మొదలుపెట్టే ముందే ఆ మంటలు ఆర్పి, ఫ్యాను కిటికీలో బయటికి ఊదేలా పెట్టాలి. అలా కుదరని నేలమాళిగలో నీటి ఆధారిత పూతే వాడాలి. ఇక నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నూనె ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేదు. బయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్ళు నింపిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి.

సామాను ఎంత కావాలో లెక్క వేద్దాం. 13 అడుగు పలకలు, వెడల్పు 90 సెం.మీ., లోతు 26 సెం.మీ. అనుకుంటే 3 చదరపు మీటర్లు; అంచుల కింది భాగం కలిపితే 3.3. నిలువు పలకలు 14, ఒక్కోటి 19 సెం.మీ. ఎత్తు, 2.4 చదరపు మీటర్లు. రెండు దూలాల లోపలి ముఖాలు సుమారు 2. లీటరు పూత ఒక కోటుకు 10 నుంచి 12 చదరపు మీటర్లు వస్తుంది. అంటే అడుగు పలకలకు మూడు కోట్లకు ఒక లీటరు, మిగతా వాటికి రెండు కోట్లకు ఒక లీటరు రంగు, అర లీటరు ప్రైమర్. సాండర్ డిస్కులు 60 నంబరు ఎనిమిది, 80, 120 నంబర్లు అయిదేసి, కోట్ల మధ్య రుద్దడానికి 220 నంబరు కాగితం నాలుగు. మందపు రంగు ఉంటే 60 నంబరువి రెట్టింపు తెచ్చుకోండి.

మెట్లు వాడుతూనే పూత వెయ్యడం

ముందు నిలువు పలకలు, దూలాలు రంగు వేసి ఆరనిచ్చి, వాటి అంచులకు టేపు వేసి అప్పుడు అడుగు పలకలకు రావాలి. నేలమాళిగకు ఇంకో దారి లేకపోతే మెట్టు విడిచి మెట్టు వెయ్యండి. 1, 3, 5 ఇలా బేసి మెట్లు ఒక విడత, అవి గట్టిపడ్డాక సరి మెట్లు. వెయ్యని మెట్ల మీద రంగు టేపు ముక్క అంటించి గుర్తు పెట్టండి, చీకట్లో దిగేవాళ్ళకు అదే ఆధారం. పెద్దవాళ్ళు, పిల్లలు ఉన్న ఇంట్లో రెండేసి మెట్లు దాటడం ప్రమాదం. అలాంటి ఇంట్లో కింద బయటికి వెళ్ళే తలుపు ఉంటే, రాత్రి అందరూ పడుకున్నాక పై నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతూ మొత్తం వేసి, కింది తలుపు గుండా బయటికి వెళ్ళే ఏర్పాటు మంచిది.

డబ్బాను ఊపొద్దు, కర్రతో అడుగు నుంచి కలపండి. ఊపితే గాలి బుడగలు చేరి పూతలో అలాగే గట్టిపడతాయి. కుంచెను నార వెంట, పలక ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఊపులో లాగాలి. ఆరడం మొదలైన చోటికి మళ్ళీ వెళ్ళి సరిచెయ్యకండి, గీత మిగిలిపోతుంది. పలచటి మూడు పొరలు మందమైన ఒక్క పొరకన్నా ఎన్నో రెట్లు నయం. మందంగా వేసిన నూనె పూత పైన చర్మంలా ఆరి, లోపల పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది. ముందంచు కింద కారిన చుక్కలను పూత తడిగా ఉండగానే తుడవండి. కోట్ల మధ్య 220తో తేలికగా రుద్ది, తడి గుడ్డతో తుడిచి, ఆరాక తర్వాతి కోటు. గది 10 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంటే నీటి ఆధారిత పూత పొరలా కలవదు, పొడిపొడిగా ఉండిపోతుంది. తేమ ఎక్కువున్న రోజుల్లో డబ్బా మీద రాసిన సమయానికి రెట్టింపు ఆగండి.

కాలు జారకుండా ఆఖరి కోటులో సన్నటి జారుడు నిరోధక పొడి కలపండి, వేసేంతసేపూ కలుపుతూనే ఉండాలి, అడుగుకు దిగుతుంది. ఇసుక చల్లడం కూడా ఒక పద్ధతే, కానీ వట్టి కాళ్ళకు గుచ్చుకుంటుంది, తుడవడం కష్టం. అంతకన్నా ముఖ్యమైనది అంచు కనబడటం. ముందంచు వెంట 4 నుంచి 5 సెం.మీ. వెడల్పున వేరే రంగు పట్టీ గీస్తే మసక వెలుతురులో అడుగు తప్పదు. చేతిపట్టీ వదులుగా ఉంటే ఈ విడతలోనే బిగించెయ్యండి. అమెరికా నియమావళిలో దాని ఎత్తు ముందంచు నుంచి 86 నుంచి 96 సెం.మీ. మధ్య ఉండాలి.

ఆఖరి కోటు తర్వాత ఒక రోజుకు సాక్సులతో నడవచ్చు, మూడో రోజు నుంచి చెప్పులతో. నీటి ఆధారిత పూత పూర్తిగా గట్టిపడటానికి వారం పైనే పడుతుంది, నూనెదానికి నెల దాకా. అప్పటిదాకా రబ్బరు చాపలు పరచొద్దు, సామాను ఈడ్చవద్దు. ఏడాదికోసారి ముందంచులను వెలుతురులో చూడండి. మెరుపు పోయి చెక్క ఇంకా బయటపడని దశలోనే 220తో రుద్ది ఒక కోటు వేస్తే ఒక పూటలో అయిపోతుంది. చెక్క బయటపడి నల్లబడిందంటే మట్టి, తేమ నారలోకి దిగినట్టే, ఆ మెట్టు వరకు మళ్ళీ 60 నంబరు నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.